నాలుగో డబ్బా

మా అత్తగారికి ఎవరైనా తప్పు చూపిస్తే ఒళ్ళు మండుతుంది. నన్నెవరైనా నోరు మూసుకోమంటే నాకు మండుతుంది. ఇలాంటి ఇద్దరం ఒకే బల్లకు చెరో పక్కన కూర్చుని ఇన్నేళ్ళుగా గొడుగులు చేస్తున్నామంటే, మెచ్చుకోవలసింది ఆ బల్లనే.

ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు. మా ఆయన ఊచలు సరిచేసి, కర్రలకు మెరుగు పెడతాడు. నేను పాత గుడ్డ విప్పి, కొత్తది కత్తిరించి, కుట్టి, ఊచలకు బిగిస్తాను. ఆ తర్వాత గొడుగు అత్తయ్య ఒళ్ళోకి వెళుతుంది. ఆవిడ దాని మీద పూలూ తీగలూ వేస్తుంది. జనం మా కొట్టుకు వచ్చేది నా కుట్టు చూసి కాదు, ఆవిడ కుంచె చూసి. ఎక్కడ మరిచిపోతానోనని ఈ సంగతి ఆవిడే నాకు రోజుకోసారి గుర్తుచేస్తుంది.

అలాంటి మనిషి కళ్ళకు పొర కమ్మింది. ఇంట్లో అందరికీ తెలుసు, పైకి అనడానికి మాత్రం ఎవరికీ దమ్ముల్లేవు. గడపకు కాలు తగిలితే "ఎవరే దీన్ని ఇక్కడ పెట్టింది?" అని నన్ను తిట్టేది, గడప నిన్న మొలిచినట్టు. సూదిలోకి దారం ఎక్కకపోతే దారం ముతకదనేది. మా ఆయన ఒకసారి బతిమాలి, బామాలి, పక్కవీధిలోని కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ అమ్మాయి లైటు వేసి చూసి ఉన్నమాట చెప్పేసింది. "కుడి కంట్లో పొర బాగా ముదిరిపోయింది. ఇంకా ఆలస్యం చేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు పొర తీసినా చూపు రాదు. ఎడమ కన్నూ అదే దారిలో ఉంది."

"నాకు శుభ్రంగా కనిపిస్తోంది," అని అత్తయ్య లేచి వచ్చేసింది. తలుపనుకుని బీరువా తెరవబోయిందని మా ఆయన తర్వాత నా చెవిలో చెప్పాడు.

ఆవిడ మొండితనానికి ఒక కారణం ఉంది. వాళ్ళ అన్నయ్య ఎప్పుడో వయసులో కన్ను కోయించుకుని, ఉన్న కాస్త చూపూ పోగొట్టుకున్నాడు. చివరిదాకా ఆయనకు అన్నం కలిపి చేతిలో పెట్టింది ఈవిడే. ఆ రోజులు వేరు, ఈ రోజులు వేరు అని ఎంత మొత్తుకున్నా ఆ భయం ముందు మా మాటలు గాలికి పోయేవి.

అలా ఉండగా ఒకనాడు ఆ డాక్టరమ్మే మా కొట్టు మెట్లెక్కింది. చేతిలో వాళ్ళ అమ్మమ్మ గొడుగు. వానకు పట్టేది కాదు, ఎండకు పట్టే చిన్న గొడుగు. కర్ర నునుపుదేరి ముచ్చటగా ఉంది. ఊచలు వెదురువి. గుడ్డ మాత్రం చిరుగుల మూట. అంచు చుట్టూ ఒకప్పుడు తీగ ఉండేదట, ఇప్పుడు దాని మరక మాత్రమే మిగిలింది.

"దీన్ని మళ్ళీ బాగుచెయ్యగలరా?" అని అడిగింది.

అత్తయ్య గొడుగు అందుకుని వేళ్ళతో ఊచలు తడిమింది. "చేస్తాను. అంచుకు తీగ కూడా వేస్తాను. కానీ నాదొక షరతు అమ్మాయ్."

"చెప్పండి."

"గొడుగు తయారయ్యాక నువ్వే చూడు. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడు. ఒక్క తప్పు పట్టుకున్నావా, నా కన్ను నీ ఇష్టం, కోసుకో. పట్టుకోలేకపోయావా, ఈ జన్మలో మళ్ళీ నా కళ్ళ ఊసెత్తకూడదు. నువ్వూ ఎత్తకూడదు, ఇదిగో, ఇదీ ఎత్తకూడదు."

"ఇదిగో, ఇదీ" అన్నప్పుడు చెయ్యి కుడివైపు చూపించింది. నేనున్నది ఎడమవైపు. కుడివైపున కొక్కేనికి వేలాడుతున్నది నల్లగుడ్డ తాను.

డాక్టరమ్మ అది చూసింది. నవ్వబోయి ఆపుకుంది. "నేను పందేలు కాయను బామ్మగారూ," అంటూనే ఒకసారి నా వైపు చూసి, మళ్ళీ ఆవిడ కళ్ళలోకి చూసింది. "సరే, కానివ్వండి. తప్పుంటే మాత్రం మాట మార్చకూడదు."

"మాట మార్చే వంశం కాదులే మాది," అంది అత్తయ్య.

ఆ అమ్మాయి మెట్లు దిగగానే నేనూ మా ఆయనా వంటగదిలోకి దూరి దొంగల్లా నవ్వుకున్నాం. ఈ చూపుతో తీగ గీస్తే అది పాములా పాకుతుంది. డాక్టరమ్మకు కళ్ళద్దాలు కూడా అక్కర్లేదు తప్పు పట్టడానికి. "అమ్మ తీసిన గోతిలో అమ్మే పడింది," అన్నాడాయన. చాలా రోజుల తర్వాత ఆ పూట నా గుండె కాస్త తేలికపడింది.

పాత గుడ్డ విప్పడం నా పని. గుడ్డను లాగకూడదు, ఒక్కో కుట్టూ కోసుకుంటూ రావాలి. లాగితే ముసలి వెదురు విరుగుతుంది. విప్పిన వాటిలో కాస్త గట్టిగా మిగిలిన ముక్కను అచ్చుగా పెట్టుకుని, వయసుకు సాగినంత మేర లోపలికి తగ్గించి, మీగడరంగు పట్టుగుడ్డ ఎనిమిది ముక్కలు కత్తిరించాను. కుట్టి, ఊచలకు బిగించి, మొదటిసారి తెరిచేటప్పుడు ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టాను. బిగువు ఎక్కువైతే ఊచ ఫటుక్కుమంటుంది. తక్కువైతే గుడ్డ సంచిలా వేలాడుతుంది. గొడుగు నిండుగా విచ్చుకుంది.

"అంచుకు బెత్తెడు పైన చుట్టూ ఒక పోగు కుట్టు," అంది అత్తయ్య. "వదులుగా కుట్టు. తర్వాత లాగేద్దాం."

"ఎందుకు?"

"చెప్పింది చెయ్యి."

చేశాను. మర్నాడు ఆవిడ కుంచె పట్టుకుంది. మధ్యాహ్నానికి గోధుమరంగు తీగ గొడుగు చుట్టూ తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి కలిసింది. ఎక్కడా వణుకు లేదు, వంకర లేదు. ఆ తర్వాత ఎర్రమొగ్గలు వచ్చాయి. ఒక్కో ముక్కలో మూడేసి, ఊచకూ ఊచకూ మధ్య సమానంగా. నేను వంగి వంగి తప్పు వెతికాను. తప్పు లేదు.

"ఏమే, బల్ల కింద ఏమైనా పడేసుకున్నావా, అలా వంగుతున్నావు?" అంది.

"సూది అత్తయ్యా."

ఆ సంజవేళ దీపం వెయ్యడానికి ముందు గదిలోకి వెళ్ళాను. బయట మబ్బు పట్టి లోపల బాగా చీకటిపడింది. నాకు బల్ల అంచు కూడా సరిగా కనిపించడం లేదు. ఆవిడ ఇంకా మొగ్గలు వేస్తూనే ఉంది. నా చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది.

ఎడమ చూపుడువేలు నేను కుట్టిన పోగు మీద ముందు నడుస్తోంది. కుంచె దాని వెనక నడుస్తోంది. ఊచ తగలగానే వేలు ఆగి, బొటనవేలితో దూరం కొలుస్తోంది, అక్కడొక మొగ్గ పడుతోంది. రంగు అయిపోతే చెయ్యి పళ్ళెం మీదికి వెళ్ళి, మొదటి నుంచి చిటికెనవేలితో డబ్బాల మూతలు తాకుతూ లెక్కపెడుతోంది. ఆ పళ్ళెంలో ఐదు డబ్బాలు ఎప్పుడూ ఒకే వరసలో ఉంటాయి. గోధుమ, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. నేను కోడలిగా వచ్చిన నాటినుంచీ అదే వరస. ఎప్పుడైనా తారుమారు చేస్తే వీపు విమానం మోత మోగేది. అది చాదస్తమనుకునేదాన్ని.

దీపం వెయ్యకుండానే వెనక్కి వచ్చేశాను. ఈ పందెంలో పరీక్ష ఆవిడ కంటికి కాదు, చేతికి. ఆ చెయ్యి ఓడిపోదు. గొడుగు ఏ వంకా లేకుండా తయారవుతుంది, డాక్టరమ్మ నోరు మూతపడుతుంది, మా నోళ్ళూ మూతపడతాయి. ఆవిడ గెలిచి, గుడ్డిదైపోతుంది.

మా ఆయనకు చెప్పాను. అంతా విని, "అయితే చీకట్లో కూడా వెయ్యగలదన్నమాట మా అమ్మ," అన్నాడు కళ్ళు మెరుస్తూ. గోడకేసి తల బాదుకోవాలనిపించింది, నాది కాదు, ఆయనది.

"మురిసింది చాలు. వెళ్ళి మాట్లాడండి."

"నేనా? నువ్వే చెప్పరాదూ? నీ నోరైతే..."

పిల్లి మెడలో గంట కట్టే పని ఈ ఇంట్లో ఎప్పుడూ నాదే.

మర్నాడు పొద్దున్నే, నేను నోరు తెరిచేలోపే, ఆవిడ టీ తనే వంచుకుంది. కప్పు ఇక్కడుంటే టీ అక్కడ పడింది, కాగుతున్నది కాగుతున్నట్టే పాదం మీద. నేను పరుగెత్తి నీళ్ళు పోశాను. పాదం ఎర్రగా కందిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఆవిడ ఏమందో తెలుసా? "కప్పు జరిపింది ఎవరే?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేనే జరిపాను! నేనే జరుపుతాను! గడపలు జరుపుతాను, గోడలు జరుపుతాను, ఇంకేం పనుంది నాకు?" అని అరిచేసి, ఆ ఊపులోనే ముందు గదిలోకి వెళ్ళాను. రోజూ పొద్దున పళ్ళెం కడిగి, డబ్బాల మూతలు తుడిచి పెట్టేది నేనే. తుడిచాను. తుడిచి, నాలుగో డబ్బా ఐదో చోట పెట్టాను. ఐదోది నాలుగో చోట పెట్టాను. నా చేతులు చేస్తుంటే నేనే ఎవరినో చూస్తున్నట్టు చూశాను. ఇక మిగిలింది ఆకులే.

పాదానికి తడిగుడ్డ చుట్టుకుని ఆవిడ వచ్చి కూర్చుంది. గొడుగు ఒళ్ళోకి తీసుకుని గుడ్డ మీద వేలితో టక్కుమని కొట్టింది. "బాగా బిగించావే. డప్పులా మోగుతోంది," అంది. "నీ చెయ్యి కుదిరింది ఇప్పటికి."

ఇన్నేళ్ళలో ఆవిడ నోటినుంచి నాకు వచ్చిన మొదటి మెప్పు అది. రావడానికి ఆ పూటే దొరికింది. కత్తెర తీసి మళ్ళీ అక్కడే పెట్టాను.

చిటికెనవేలు మూతలు లెక్కపెట్టింది. నాలుగో దగ్గర ఆగింది. మూత తీసింది, కుంచె మునిగింది. మొదటి ఆకు పడింది. నీలం. ముదురు నీలం. ఆవిడ దాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకుని చూసింది. తెలిసిపోయిందా? తెలిస్తే బాగుండును, తెలియకపోతే బాగుండును, రెండూ ఒక్కసారే అనిపించాయి. ఆవిడ తల ఆడించి, "మంచి పచ్చ," అని రెండో ఆకు మొదలుపెట్టింది.

ఆ తర్వాత చూడటం నా వల్ల కాలేదు, లేచి వెళ్ళడమూ నా వల్ల కాలేదు. ఆకు వెనక ఆకు. ఎంత చక్కటి ఆకులని! మొన చూడు, ఈనె చూడు. ఆవిడ సన్నగా కూనిరాగం కూడా తీస్తోంది. ఒక్క మాట చాలు, "అత్తయ్యా, డబ్బా మారింది" అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చి మింగేశాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే చీకటి, చెప్పకపోతే అవమానం.

మధ్యాహ్నం మా ఆయన ఇంకో గొడుగు కర్రకు పిడి అమర్చి పట్టుకొచ్చాడు. అమ్మ ఒళ్ళో గొడుగు చూసి నోరు తెరిచాడు. "అమ్మా, ఆకులేమిటి..."

నేను ఆయన చెయ్యి పట్టుకుని గిచ్చిన గిచ్చుడుకు పాపం ఆ మనిషి ఎగిరిపడ్డాడు.

"ఏమిట్రా ఆకులకి?" అంది ఆవిడ.

"బాగున్నాయమ్మా," అన్నాడు పళ్ళు బిగించి.

వంటగదిలోకి లాక్కెళ్ళి జరిగింది చెప్పాను. నన్నెప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి మొహం తెల్లబోయింది. "మా అమ్మని నవ్వులపాలు చేస్తావా? పిల్లదాని ముందు తలదించుకునేలా చేస్తావా?"

"నవ్వులపాలైతే నాలుగు రోజులు. చీకటిపాలైతే?"

ఆయన గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "రేపు ఆ ఆపరేషన్ కూడా మామయ్యకు అయినట్టే అయితే?" అన్నాడు. అది నేను అప్పటిదాకా నా దగ్గరికి రానివ్వని మాట. ఆయన వెళ్ళిపోయాక అది నాతోనే ఉండిపోయింది. ఆవిడంతట ఆవిడ వెళ్ళి కన్ను పోగొట్టుకుంటే విధి అనుకోవచ్చు. నేను తోస్తే వెళ్ళి పోగొట్టుకుంటే దాన్ని ఏమంటారు?

డాక్టరమ్మ వచ్చిన రోజు అత్తయ్య ఉతికిన చీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది. పోగు లాగేశాం. గొడుగు నేనే తెరిచి ఆ అమ్మాయి చేతికిచ్చాను.

ఆ అమ్మాయి గొడుగు మెల్లగా తిప్పుతూ చూసింది. కుట్లు చూసింది. తీగను వేలు పెట్టి చుట్టూ అనుసరించింది. "ఎక్కడ మొదలైందో, ఎక్కడ కలిసిందో తెలియడం లేదు," అంది నెమ్మదిగా. ఆ గొంతులో ఆశ్చర్యం ఉంది, దిగులు కూడా ఉంది. ఇంకోసారి తిప్పింది. ఏమ్మా, కళ్ళ డాక్టరువి, నీ కళ్ళకేమైంది? చూడు! ఆకులు చూడు!

"నేనే ఓడిపోయాను బామ్మగారూ," అంది.

అత్తయ్య మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. ఇంత పాపమూ చేసి, ఇదా దక్కింది!

"ఒక్క తప్పు లేదు," అంటోంది ఆ అమ్మాయి. "అసలు ఆకుల్ని నీలంగా వెయ్యాలన్న ఆలోచన ఎలా వచ్చిందండీ మీకు? నేనెక్కడా..."

అని ఆగిపోయింది. ఆగి అత్తయ్య మొహం చూసింది. తర్వాత నా మొహం చూసింది. గొడుగు తిరగడం ఆగిపోయింది.

అత్తయ్య తల నా వైపు తిప్పింది. ఈసారి సరిగ్గా నా వైపే.

"ఏమే," అంది, "ఆకులు ఏ రంగులో ఉన్నాయి?"

ఇన్నేళ్ళలో రంగు పేరు ఆవిడ చెప్పడమే గానీ నన్ను అడగడం ఎరగను. నేను ఆకుల వైపే చూస్తున్నాను.

"నిన్నే అడిగేది."

"నీలం అత్తయ్యా."

"అన్నీనా?"

"అన్నీ."

ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు ఒకదాన్నొకటి తడుముకున్నాయి. "పందెం పందెమే," అంది డాక్టరమ్మతో. "ఎప్పుడు రమ్మంటావు?"

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. మా ఆయన వీధిలోకి తప్పుకున్నాడు. అత్తయ్య లేచి, బల్ల పట్టుకుని నడిచి, పళ్ళెం దగ్గర నిలబడింది. నాలుగో డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది, ఐదోది కూడా పెట్టుకుంది. వాసనలో తేడా ఏం ఉంటుందో నాకు తెలియదు, ఆవిడకు తెలిసింది.

"నువ్వా?"

"నేనే."

"గుడ్డిముండను చేసి ఆడుకున్నావు కదే."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. "అవును, ఆడుకున్నాను! రంగులు తెలియక, చీకట్లో వేళ్ళతో వెతుక్కుంటూ, కాళ్ళు కాల్చుకుంటూ, నాకు బాగానే కనిపిస్తోందని మమ్మల్ని ఆడించింది మీరు కాదూ? తిట్టండి. కొట్టండి. ఇంట్లోంచి పొమ్మంటే పోతాను. ముందు ఆ కన్ను చూపించుకోండి, తర్వాత పోతాను."

ఆవిడ డబ్బాలు రెండూ వాటి వాటి చోట్లలో పెట్టింది. తడిమి సరిచూసుకుంది.

"నాకు భయమే," అంది. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. "మా అన్నయ్య కట్టు విప్పిన రోజు నేనే పక్కనున్నాను. దీపం వెయ్యండి, దీపం వెయ్యండి అని అరిచాడు. అప్పుడు పట్టపగలు."

నేను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంటుందనుకున్నాను. విడిపించుకోలేదు.

"నువ్వే రావాలి నాతో," అంది. "వాడొద్దు, వాడు ముందే ఏడుస్తాడు. కట్టు విప్పగానే నీ దొంగమొహమే చూస్తాను ముందు. ఎంత దొంగమొహమో చూడాలి."

ఆపరేషన్ అయింది. కంటికి తెల్లటి కట్టు కట్టారు. ఆ రోజంతా నేను ముద్ద మింగలేదు. ఆవిడ మాత్రం నా మీద కోపం తీర్చుకోవడానికన్నట్టు కడుపునిండా తిని పడుకుంది.

కట్టు విప్పే వేళకు డాక్టరమ్మ గదిలో తెరలు దించింది. ఆవిడ కుర్చీలో, నేను ఎదురుగా స్టూలు మీద, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. తలుపు పక్కన గోడకు ఆనించి ఆ గొడుగు ఉంది. ఆ అమ్మాయి ఆ రోజు కూడా దాన్ని వేసుకునే వచ్చింది. గుడ్డ పొర ఒకటి తీసింది. ఇంకొకటి తీసింది. రెప్ప అంటుకుని ఉంటే తడి దూదితో మెల్లగా తుడిచింది. "తెరవండి బామ్మగారూ."

తెరిచింది. కన్ను నా మొహం మీద నిలిచింది. కదల్లేదు. మెరవలేదు. దీపం వెయ్యమంటుందేమోనని చెవులు గట్టిగా మూసుకోవాలనిపించింది.

ఆవిడ చెయ్యెత్తింది. నా చెంపను కాదు, చెవి పైన జుట్టును పట్టుకుంది. వేళ్ళతో తడమలేదు. సూటిగా వచ్చి పట్టుకుంది.

"ఇవేమిటే?" అంది. "ఎప్పుడొచ్చాయి ఇన్ని? నాకు చెప్పలేదేం?"

నేను ఏడుస్తూ నవ్వుతున్నాను, ఏది ముందో తెలియడం లేదు.

ఆవిడ ఆ వెంట్రుకల్ని వెలుగు వైపు తిప్పి చూసింది. నుదురు ముడిపడింది. "తెలుపే కదా ఇది?" అని అడిగింది, కాస్త అనుమానంగా.

"తెలుపే అత్తయ్యా," అన్నాను. "ఈ డబ్బా మాత్రం నేను మార్చలేదు."